అద్దాల గదిలో పెంటియం

2000వ సంవత్సరం, ఎండాకాలం. అనంతపురంలో చెక్‌డ్యాములు కట్టించే ఒక స్వచ్ఛంద సంస్థలో నేను కంప్యూటర్ ఆపరేటర్‌ని. మాకు మూడు కంప్యూటర్లు ఉండేవి. 386, 486 అనే పాతవి రెండూ హాల్లో మా బల్లల మీద. వాటికన్నా ఎన్నో రెట్లు వేగమైన పెంటియం డైరెక్టర్ గారి అద్దాల గదిలో. పొద్దున్నే గుడ్డ కవర్లు తీసి, ఆ పాత పెట్టెల ఫ్యాన్లు గుర్రుమంటుంటే పని మొదలుపెట్టడం ఇప్పటికీ ఇష్టంగా గుర్తొస్తుంది.

కంబదూరు దగ్గర ఒక ఊరి వంకకు, అంటే వాగుకు, ఎక్కడ కట్ట వేస్తే నీళ్లు నిలుస్తాయో తేల్చాలి. మ్యాపును గళ్లుగా విడదీసి, ఏ గడి నుంచి నీరు ఎటు పారుతుందో లెక్కించే పని. 486కి ఎడతెగకుండా పది గంటలు పట్టేది. మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటికే. అప్పటికి మూడుసార్లు పోయింది. సోమవారంలోగా నిధులిచ్చేవాళ్లకు మ్యాపు ఇవ్వకపోతే ఆ కట్ట పని వేరే ఊరికి పోతుంది.

శుక్రవారం ఆ ఊరి రైతు నరసింహప్ప వచ్చాడు.

“ఏమప్పా, అయిందా?”

“లేదన్నా. ఆ గదిలోదైతే రెండు గంటల్లో తేలుస్తుంది. కానీ అది సారుది.”

“సారు దాంతో ఏం చేస్తాండాడు?”

“ఉత్తరాలు టైపు చేయిస్తాడు.”

“మంచి ఎద్దును కొట్టంలో కట్టేసి, దూడ మెడ మీద కాడి పెట్టినారే. చదువుకున్నోళ్లు గదప్పా మీరు.”

అంటూనే నేరుగా అద్దాల గదిలోకి నడిచాడు. వెనకే నేనూ వెళ్లాను.

“సారూ, మీ ఉత్తరం ఆ పాత పెట్టెలో కొడితే అచ్చరాలు వంకరపోతాయా?”

డైరెక్టర్ గారు నావైపు చూసి, మళ్లీ ఆయనవైపు తిరిగారు. “పాత డబ్బా నా ముందుంటే వచ్చినవాళ్లు ఏమనుకుంటారప్పా?”

“వంక ఎండితే మా ఊరికి వచ్చేవాళ్లే ఉండరు సారూ.”

డైరెక్టర్ గారు లేచి, కుర్చీ పక్కకు జరిపారు.

ఆ సాయంత్రమే పనులు పంచాం. ఉత్తరాలకు 386 చాలు. నేల ఎత్తుల అంకెలు సరిచూడటం 486కి. నీటి లెక్క ఒక్కటే పెంటియంకు. శనివారం కరెంటు కోతలోపే లెక్క ముగిసింది. సోమవారం మ్యాపు అందించాం, పని ఆ ఊరికే దక్కింది.

ఏ యంత్రానికి ఏ పని అన్నది దాని సత్తా చూసి తేల్చాలి, అది కూర్చున్న గది చూసి కాదు. వృత్తిలో ఆ తర్వాత ఈ మాట చాలామందికి చెప్పాను. కానీ ఇది నా మాట కాదు. పుట్టుకను బట్టి పనులు పంచడం అన్యాయమని అప్పట్లో వేదికలెక్కి గొంతు చించుకునేవాణ్ని. అదే నేను, ఆ అద్దాల గది ముందు రెండేళ్లు కూర్చుని కూడా “ఇలా ఎందుకు?” అని ఒక్కసారీ అడగలేదు. అడిగింది, కంప్యూటర్‌ను ఆ వేసవిలోనే మొదటిసారి చూసిన రైతు.