మరి ఇద్దరు

రుక్కి యాడి మా దుకాణం మెట్లెక్కిందంటే నాకు ఒళ్ళు మండేది. యాడి అంటే లంబాడీ మాటలో అమ్మ. తండాల నుంచి వచ్చే పెద్ద ఆడవాళ్ళను మా నాన్న అట్లాగే పిలిచేవాడు, నాకూ అదే అలవాటైంది. తొర్రూరు అంగడి వీధిలో మాది దారాలు, గవ్వలు, లేసులు, బట్టల మీద కుట్టే అద్దాలు అమ్మే దుకాణం. నేను సోమేశ్వర్‌ని. ఈ గల్లాపెట్టె ముందు కూర్చున్నవాళ్ళలో మూడో తరం. ఆమె ఒక్కో అద్దం బిళ్ళను పైట కొంగుతో తుడిచి, ఎండకు పట్టి చూసి, "గిది మసక. గిది మూలకు పలిగింది" అని పక్కన పెట్టేది. గంట పట్టేది. వెనక నలుగురు నిలబడి ఉన్నా ఆమెకు లెక్క లేదు.

"యాడీ, జర జల్ది కానియ్యి" అంటే, "నీకేం తొందర సేటు, నీ దుకాణం ఏమన్న రైలా?" అనేది.

పుట్టిన సంవత్సరం ఆమెకు తెలియదు. తుపాకులవాళ్ళు తండా మీద పడిననాటికి పదేళ్ళుంటాయని మాత్రం చెప్పేది. వచ్చింది రజాకార్లో పోలీసులో ఆమెకు పట్టింపు లేదు, అందరూ తుపాకులవాళ్ళే. అడవిలో తిరిగే దళానికి జొన్నరొట్టెలు చేసి పెట్టారని ఆ తండాలో నలుగురిని చేనులో నిలబెట్టి కాల్చేశారు. అందులో ఒకడు రుక్కి తండ్రి జాల్యా, ఇంకొకడు ఆమె చిన్నాన్న సక్రు. మిగతా ఇద్దరు పక్కింటి అన్నదమ్ములు. నలుగురినీ ఒకే గోతిలో పూడ్చారు.

తర్వాత కొన్నేళ్ళకు రుక్కిని ఆ పక్కింటికే కోడలిగా పంపారు. చనిపోయిన అన్నదమ్ములకు తమ్ముడే ఆమె భర్త. ఆ ఇంటి ఆడపిల్ల మంగ్లీని రుక్కి అన్నకు చేశారు. కుండమార్పిడి పెళ్ళిళ్ళన్నమాట. రుక్కి భర్త బావి తవ్వుతుంటే మట్టిపెళ్ళ విరిగిపడి పోయాడు. అప్పటికి కొడుకు భద్రు ఇంకా పాకుతున్నాడు. రోడ్డు పనికి కంకర కొట్టి, నాట్లు వేసి, చెరకు నరకడానికి ఎక్కడెక్కడికో వలసపోయి అతన్ని పెంచింది. ఇప్పుడు భద్రు మానుకోట స్టేషన్లో హమాలీ. ఇంత జీవితంలో ఆమె ఎవరి ముందైనా కళ్ళనీళ్ళు పెట్టుకోగా నేను చూడలేదు.

రెండు వేల పదకొండు సెప్టెంబర్లో తెలంగాణ రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె మొదలైంది. బస్సుల్లేవు, బడుల్లేవు, కరెంటు ఎప్పుడొస్తుందో తెలియదు. నా దుకాణం కూడా మూసే ఉంది. ఊరికే కూర్చోవడం నా వల్ల కాదు. పొద్దున లేస్తే ఉద్యమ కమిటీ, అదే జేఏసీ టెంటు, అక్కడి నుంచి చౌరస్తా, చౌరస్తా నుంచి మళ్ళీ టెంటు. కనబడినవాళ్ళనల్లా రాష్ట్రం వస్తుందా రాదా అని అడుగుతుండేవాణ్ణి. మా ఆవిడ కౌసల్య "కాళ్ళకు చక్రాలు కట్టుకున్నావా" అని విసుక్కునేది.

ఆ రోజుల్లోనే నిజాం నాటి సాయుధ పోరాటంలో చనిపోయినవాళ్ళకు చౌరస్తాలో స్తూపం కట్టాలని కమిటీ అనుకుంది. నా చేతిరాత బాగుంటుందని పేర్ల జాబితా నా నెత్తిన పెట్టారు. జనగామలో రాతిపని చేసే యోసేపుకు శుక్రవారం సాయంత్రంలోగా పేర్లు చెప్పాలి. చెక్కడం ముగించగానే అతను అత్తగారి ఊరికి పోతాడు, మళ్ళీ నెల దాకా దొరకడు. ఊళ్ళవాళ్ళ పేర్లన్నీ వచ్చేశాయి. తండా నలుగురిలో ఇద్దరివే వచ్చాయి. పక్కింటి అన్నదమ్ముల పేర్లు ఎవరికీ తెలియవు. భద్రును అడిగితే, "మా బాపు ఉన్నప్పుడు నేను పసిగుడ్డునన్నా. ఎవరు చెప్పిండ్రు నాకు?" అన్నాడు. రుక్కినే అడిగాను. ఆమె నేల చూసింది.

"చెప్పు యాడీ. నీ బావలే గదా."

"నేను చెప్ప" అంది.

వయసు మీద పడింది, మరిచిపోయింది, ఒప్పుకోవడానికి నామోషీ అనుకున్నాను. నాకు టైము లేదు. జాల్యా, సక్రు అని రాసి, వాటి కింద "మరి ఇద్దరు" అని రాసి ఆమెకు చదివి వినిపించాను.

"గా ఇద్దరెవరు?" అంది.

"వాళ్ళే యాడీ. పేర్లు దొరకలేదు గదా, గట్ల రాస్తరు."

రుక్కి నా చేతిలో కాగితం లాక్కుంది. చదవడం రాదు కదా, తలకిందులుగానే పట్టుకుని చూసింది. "నలుగురిని ఒక్క గుంతల ఏసిండ్రు సేటు. తుపాకులోళ్ళు గూడ నలుగురిని నలుగురు లెక్కనే సంపిండ్రు. నువ్వేందిర, ఇద్దరిని ఇడిశిపెట్టి రాయి పాతుతనంటవు? గట్లయితే మా బాపు పేరు గూడ ఒద్దు. తీసెయ్."

నన్ను 'ర' అనడం అదే మొదటిసారి. నాకు రోషం వచ్చిన మాట నిజమే. అయినా కాగితం తిరిగి తీసుకుని, ఇంకెవరికి తెలిసి ఉంటుందా అని వెతికాను.

ఇక మిగిలింది మంగ్లీ ఒక్కతే. ఆ అన్నదమ్ములకు తోడబుట్టినది. రుక్కి అన్న బతికున్నప్పుడే వాళ్ళు భూమి కోసం వలసపోయారు, అప్పటి నుంచి చిట్యాల దాటాక ఒక తండాలో ఉంటోంది. భద్రు దగ్గర నంబరు తీసుకుని ఆమె మనవడు దినేశ్‌కు ఫోన్ చేశాను. ముసలామెకు సంగతి చెప్పి పేర్లు అడిగాను. అవతలి నుంచి వచ్చిన కేక ఇప్పటికీ నా చెవిలో ఉంది. "పన్నెండేండ్లాయె రుక్కి నా గడప తొక్కక. గిప్పుడు ఫోన్ల మా అన్నల పేర్లు కావాల్నా? దాన్ని రమ్మను. మీద పడి ఏడిస్తే చెప్త." ఫోన్ పెట్టేసింది.

శుక్రవారం పొద్దున రుక్కిని నా స్కూటర్ వెనక కూర్చోబెట్టుకుని బయల్దేరాను. అద్దాలు కుట్టిన లంగా, మోచేతుల పైదాకా గాజులు, ఆ బరువుకు స్కూటర్ మొరాయించింది. వంద కిలోమీటర్ల పైమాటే. ట్యాంకులో పెట్రోలు పోవడానికి సరిపోతుందో లేదో అనుమానం. రాయపర్తి దాటే దాకా నేను టైము చూసుకుంటూనే ఉన్నాను.

వర్ధన్నపేటలో రోడ్డు మధ్యలో పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. మమ్మల్ని ఆపేశారు.

"నేను తొర్రూరు జేఏసీ" అన్నాను ఛాతీ విరిచి.

"అయితే రాస్తారోకో అని నీకు మేం చెప్పాల్నా అన్నా?" అంది అక్కడున్న ఒక టీచరమ్మ. అందరూ నవ్వారు. మొన్న మా చౌరస్తాలో ఇదే మాట చెప్పి నేను ఒక పెళ్ళిబృందాన్ని రెండు గంటలు ఎండలో నిలబెట్టాను. స్కూటర్ పక్కన పెట్టి కూర్చున్నాను.

విస్తట్లో ఇంత అన్నం పెట్టి, ఎక్కడికని అడిగారు. నేను చెప్పాను: ఈమె బావలిద్దరి పేర్లు మరిచిపోయింది, వాటి కోసం పోతున్నాం అని.

రుక్కి ముద్ద చేతిలోనే ఆపింది. "ఎవలు మరిశిండ్రు?"

"నువ్వే గదా యాడీ."

"నాకు తెల్వకేంది? పొద్దుకొక్కసారన్న యాదికొస్తరు. కట్టుకున్నోని అన్నలు. వాళ్ళ పేరు నా నోటితోని ఎట్ల అంట?"

టీచరమ్మ చీర కొంగు నోటికడ్డం పెట్టుకుంది. పేర్లు ఆమె నాలుక చివర ఉన్నాయి. నేను ఆమెను ఎక్కించుకుని జిల్లా ఈ చివర నుంచి ఆ చివరకు పోతున్నాను. "మరి ముందే చెప్పొద్దా?" అని అరిచాను.

"చెప్ప అని చెప్పిన గదా" అంది, ముద్ద నోట్లో పెట్టుకుంటూ.

మా అమ్మ చచ్చేదాకా మా నాన్న పేరు పలకలేదు. బ్యాంకులో అడిగినా నన్ను ముందుకు నెట్టేది. ఇంట్లో అంతా చూసి పెరిగినవాణ్ణి, ఈ ముక్క నాకెందుకు తట్టలేదు? తండా మనిషి కదా, మరిచిపోయి ఉంటుందనుకోవడం నాకు సులువైంది. నాకు సిగ్గేసింది. ఆ సిగ్గు కూడా కోపంగానే బయటికొచ్చింది, పరకాల దాకా గుంతలు కూడా చూడకుండా స్కూటర్ తోలాను.

పరకాలలో టీకి ఆగినప్పుడు ఉండబట్టలేక అడిగాను. "ఆ పేర్లే ఉన్నోళ్ళు ఇంకెవరన్న ఉంటే చూపించు. నువ్వు నోరు తెరవొద్దు. నేను రాసుకుంట. ఇక్కడి నుంచే వెనక్కి మళ్ళుదాం."

రుక్కి టీ గ్లాసు కింద పెట్టింది. "వాళ్ళ కోసం ఏడ్శింది మంగ్లీ, సేటు. అరవై ఏండ్ల సంది ఏడుస్తనే ఉన్నది. మీరు రాయి పాతుతున్నరు, పూలదండలు ఏస్తరు, మైకుల చెప్తరు. దాన్ని ఒక్కలన్న అడిగిండ్రా? నేను దొంగతనంగ చెప్తే, రేపు గా రాయి మీద దాని అన్నలు ఉంటరు గని అది ఉంటదా?"

నేను స్కూటర్ తీశాను.

చిట్యాల దాటి తండా చేరేసరికి మూడున్నర. మంగ్లీ వాకిట్లో మక్కలు ఒలుస్తోంది. రుక్కిని చూసి లేవబోయింది, మోకాళ్ళు సహకరించలేదు. రుక్కే పోయి ఆమె మెడ చుట్టూ చేతులు వేసి కూలబడింది. ఇద్దరూ గొంతెత్తారు. లంబాడీ ఆడవాళ్ళు చాలా కాలానికి కలుసుకుంటే ఒకరినొకరు పట్టుకుని రాగం తీసి ఏడుస్తారు, దాన్ని ఢావలో అంటారు. మా అంగడి వీధిలో నడిరోడ్డు మీద వాళ్ళట్లా ఏడుస్తుంటే నేను గల్లాపెట్టె దగ్గర కూర్చుని నవ్విన రోజులున్నాయి.

ఆ వాకిట్లో నిలబడి, దినేశ్ అర్థం చెబుతుంటే విన్నప్పుడు గాని నాకు సంగతి తెలియలేదు. రుక్కి రాగంలో తన తండ్రిని, చిన్నాన్నను పేర్లు పెట్టి పిలిచింది. తన బావల దగ్గరికి వచ్చేసరికి గొంతు దించేసింది. అక్కడ మంగ్లీ అందుకుంది. మంగ్లీకి జాల్యా మామ, సక్రు చినమామ. ఆ పేర్లు వచ్చే చోట ఆమె ఆగితే రుక్కి అందుకుంది. కుండమార్పిడి పెళ్ళిళ్ళలో ఒకరికి పుట్టిల్లు ఇంకొకరికి అత్తిల్లు. ఏ ఒక్కరి నోటా నలుగురూ రారు. ఇద్దరూ కలిసి ఏడిస్తేనే నలుగురు వస్తారు. పన్నెండేళ్ళుగా ఆ నలుగురు ఎక్కడా పూర్తిగా లేరు. నేను జేబులోంచి పెన్ను తీసి దినేశ్ చేతికిచ్చాను, అతనే రాసిపెట్టాడు.

కీమ్యా. పూల్యా. పెద్దవాడికి పంతొమ్మిది, చిన్నవాడికి పదహారు.

సాయంత్రం అయిదున్నరకు, దినేశ్ చూపించిన గట్టెక్కితే సిగ్నల్ దొరికింది. పేర్లు చెబితే యోసేపు విసుక్కున్నాడు. "ఒక్క వరుస అనుకున్న సేటు. ఇప్పుడు రెండు పేర్లంటే జాగ చాలది. ఆఖరు రెండు చిన్నగ చెక్కుత."

"చిన్నగ ఒద్దు. నలుగురివి ఒక్క తీరుగ చెక్కు. కావాల్నంటే పైన మా కమిటీ పేరు తీసెయ్" అన్నాను. మర్నాడు కమిటీలో ఆ మాటకు నాతో కొట్లాటకు దిగారు. దిగనీ అనుకున్నాను.

ఆ తర్వాత మూడో వారంలో స్తూపం ఆవిష్కరించారు, మంగ్లీ రాలేకపోయింది. డప్పులు, జెండాలు, జై తెలంగాణ నినాదాలు. మైకులో పేర్లన్నీ నేనే చదివాను. ఉపన్యాసాలు మొదలయ్యాక రుక్కి జనాన్ని తోసుకుంటూ రాయి దగ్గరికి వచ్చింది. "మావి ఎక్కడున్నయి?" అంది.

వేలు పెట్టి చూపించాను. "గిది మీ బాపు. దాని కింద మీ చిన్నాయిన."

ఆ రెండు పేర్ల మీద అరచెయ్యి పెట్టి, చంటిపిల్లను నిమిరినట్టు అటూ ఇటూ నిమిరింది. "మరి గివి?" అని కిందికి చూసింది.

"నీ బావలు. పైన పెద్దాయన, కింద ఆయన తమ్ముడు."

రుక్కి గబుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది. తల మీది ఓణీని గడ్డం దాకా లాక్కుని, నాలుగడుగులు వెనక్కి జరిగి, రాయికి ఎదురుగా కాకుండా పక్కకు తిరిగి నిలబడింది. డెబ్బై దాటిన ముసలమ్మ, పంతొమ్మిదేళ్ళ కుర్రవాడి ముందు, పదహారేళ్ళ పిల్లవాడి ముందు, ఇంటి కోడలిలా తల వంచుకుని నిలబడింది.

"జర నువ్వు గూడ పక్కకు జరుగు సేటు" అంది ముసుగులోంచి. "పెద్దోళ్ళున్నరు."