వెనక చాప మీద సంఘపెద్ద

నా చిన్నప్పుడు ఒక ఆదివారం పొద్దున ఏడుంబావుకు మా తాతయ్య వసారాలో కూర్చుని గడ్డం గీసుకుంటున్నాడు. ప్రతి ఆదివారం ఆ వేళకు ఆయన చేసే పనే అది. ఆ రోజు మాత్రం మధ్యలో ఆపి, సబ్బు నురగ ముఖానే ఉంచుకుని చాలాసేపు గోడవైపు చూశాడు. గోడ అవతల పక్కింటి అత్త అంట్లు తోముతూ, వీధి మొత్తానికి వినపడేట్టు ఆయన్నే తిడుతోంది.

మాది శావల్యాపురం దగ్గర చిన్న ఊరు. తాతయ్య మా క్రైస్తవుల గుడికి సంఘపెద్ద. నెలలో మొదటి ఆదివారం పాస్టరు అయ్యగారు నరసరావుపేట నుంచి బస్సులో వచ్చి ప్రభువు బల్ల ఇచ్చేవారు. మిగతా రోజుల్లో ప్రార్థన నడపడం, తగవులు తీర్చడం, తప్పు చేసినవారిని బల్లకు దూరం పెట్టడం తాతయ్య చేతిలో ఉండేవి. దూరం పెట్టడమంటే, అందరూ రొట్టె, ద్రాక్షరసం తీసుకుంటుంటే ఆ మనిషి వెనక చాప మీద కూర్చుని చూస్తూ ఉండాలి. ఆ సిగ్గు భరించలేక కొందరు గుడికి రావడమే మానేసేవారు. అలా మానేసినవారిలో తిరిగి వచ్చినవారు తక్కువ.

ఆ వారం చేతిపంపు దగ్గర వరసలో పక్కింటి అత్తకూ మేస్త్రి భార్యకూ గొడవైంది. ఎండాకాలం, నీళ్లు సన్నగా వస్తున్నాయి. మాటా మాటా పెరిగి అత్త బిందెతో కొట్టింది. మేస్త్రి భార్య తల పగిలింది. ఇద్దరూ మా గుడివాళ్లే. భర్త పోయిన అత్తకు ఊళ్లో తోడు అంటూ ఉంటే ఆ గుడిలోని మనుషులే. శనివారం తాతయ్య ఆమె ఇంటికి వెళ్లి, మేస్త్రి భార్యను క్షమాపణ అడగమన్నాడు. ఆమె వినలేదు. అయితే రేపు బల్ల తీసుకోవద్దని చెప్పాడు. ఇక నీ గుడి గడప తొక్కితే ఒట్టు అని ఆమె ఆయన ముఖానే తలుపు వేసింది. ఆమె అన్నంత పనీ చేస్తుందని మా ఇంట్లో అందరికీ తెలుసు.

ఆదివారం తాతయ్య గడ్డం పూర్తి చేసుకుని, ఉతికిన పంచె కట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని తిన్నగా ఆమె గుమ్మం ముందుకు వెళ్లాడు.

"పదమ్మా గుడికి. వెనకాల నేనూ కూర్చుంటా."

"నువ్వెందుకు పెదనాయనా? నువ్వెవరి తల పగలగొట్టావ్?"

"నిన్ను ఆపింది నేనేగా. నువ్వు తీసుకున్ననాడే నేనూ తీసుకుంటా."

"ఏంది, ఎగతాళా? సరే పద, ఈ తమాషా ఏందో నేనూ చూస్తా."

మా గుడిలో ఆడవాళ్లు ఎడమ వైపు, మగవాళ్లు కుడి వైపు కూర్చునేవారు. తాతయ్య ముందున్న తన కుర్చీ వదిలేసి, మగవాళ్ల వైపు చిట్టచివర చాప మీద కూర్చున్నాడు. నడవకు అటు ఆమె, ఇటు ఈయన. రొట్టె పళ్లెం దగ్గరికి వచ్చినప్పుడు వద్దని తల ఊపాడు. అయ్యగారికి కోపం వచ్చింది. పెద్దవారు మీరే ఇలా చేస్తే సంఘం ఏమైపోతుందని బయట గట్టిగానే అడిగారు. తాతయ్య ఆయన్ను బస్సు ఎక్కించి వచ్చాడు.

నాకైతే తల కొట్టేసినట్టయింది. బడిలో పిల్లలు మీ తాతను కూడా వెలేశారంటగా అని ఏడిపించారు. కాదని చెప్పీ చెప్పీ విసిగిపోయాను. ఆ పై నెలా అంతే జరిగింది. ఆయన తప్పేమీ లేదని ఊరందరికీ తెలుసు, ఆయన ఒక్క మాట అంటే సరిపోతుంది, అనడు. చివరికి ఉక్రోషం పట్టలేక ఆయన్నే అడిగాను. "ఆపే పని నాకు అప్పగించారమ్మా. ఆపేసి ఇంటికొచ్చి హాయిగా అన్నం తినమని మాత్రం ఎవురూ చెప్పలేదు" అన్నాడు. అప్పుడు నాకు ఆ జవాబు నచ్చలేదు.

మూడో నెల బల్లకు ముందురోజు సాయంత్రం అత్త మా వాకిట్లోకి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. పిల్ల పక్కనుంటే అది చెయ్యెత్తదులే అని, నన్ను మేస్త్రి ఇంటికి లాక్కెళ్లింది.

"ఏమే, తల మానిందా?"

"మానిందంటే ఇంకోటేసి పోతావా?" అంది మేస్త్రి భార్య, చేట కింద పెట్టకుండానే.

"నోరుముయ్యి. కొట్టడం నాదే తప్పు. ఆ ముసలాయన మోకాళ్లు పట్టుకుని ఆ చాప మీంచి లేవలేక లేస్తన్నాడే, చూళ్లేక చస్తన్నా."

"నేను మాత్రం చూస్తన్నానా? సచ్చిన నీ మొగుడి గురించి నేనూ ఆ రోజు అట్టా అనాల్సింది కాదు. రా, కూకో."

మర్నాడు ఇద్దరూ కలిసే వచ్చారు. తాతయ్య ఆమె తరవాతే బల్ల తీసుకున్నాడు.

మొన్న ఎండల్లో మా తమ్ముణ్ణి అదే ఊళ్లో సమాధి చేశాం. అంతకుముందు పాత గుడి కూల్చవద్దని, ఇప్పుడు సంఘాన్ని నడిపే కమిటీతో వాదించి, కోపంలో ఒకతన్ని తోశాడు. తప్పే. కమిటీ అతన్ని బల్లకు దూరం పెట్టింది. ఆ సంగతి ఫోనులో మెసేజ్ పెట్టారు. తరవాత అతను గుడికి వెళ్లలేదు, మంచాన పడ్డాక వెళ్లే వీలూ లేకపోయింది. కమిటీలో ఒక్కరూ ఆ ఇంటి గడప తొక్కలేదు. నేను నరసరావుపేట నుంచి వెళ్లి, ఒక్కసారి వచ్చి చూడమని ఇద్దరు ముగ్గురిని బతిమాలాను. రూల్ అందరికీ ఒకటే కదక్కా అన్నారు. సమాధి దగ్గర మాత్రం వాళ్లే మైకు పట్టుకుని ప్రేమ గురించి మాట్లాడారు. నేను విన్నాను.

పుస్తకాల్లో అధికారం గురించి చాలా చదివాను. ఆ మాట కనిపించినప్పుడల్లా నా కళ్ల ముందుకు వచ్చేది చాప మీద నొప్పితో కాళ్లు మార్చుకుంటున్న తాతయ్యే. ఆయన్ను విసుక్కున్న ఆ పిల్లకు అర్థం కానిది, తమ్ముడి మంచం పక్కన కూర్చున్నప్పుడు నాకు పూర్తిగా అర్థమైంది.

మా సంఘంలో ఇప్పటికీ మనుషుల్ని బల్లకు దూరం పెడుతున్నారు. దూరం పెట్టే పెద్దలు మాత్రం వెళ్లి వాళ్ల పక్కన కూర్చోవడం లేదు.