కాలువ దాటిన గొంతు

మొన్న మిర్యాలగూడలో గడ్డం గీసే ఆయన నా మెడ మీద అడ్డంగా ఉన్న గీతను చూసి, కత్తి ఆపి, "ఇదేందే పెద్దమనిషీ?" అని అడిగితే, కూరకు వంక పెట్టినందుకు మా ఆవిడ ఇచ్చిన బహుమానమని చెప్పాను, పాపం నమ్మాడేమో, మిగతా గడ్డం ఎంతో దయగా గీశాడు.

ఏడో తరగతిలో బడి నన్ను వదిలేసిందో, నేనే దాన్ని వదిలేశానో గానీ, తర్వాత సాగర్ ఎడమ కాలువ మీద తూము తలుపులు ఎత్తి దించే లష్కర్‌గా చేరాను. మన కాలంలో సెల్‌ఫోన్లెక్కడివి, నీళ్లు వదిలిన కబురు కోదాడ వైపు తూము తర్వాత తూముకు కేకల మీదే పోయేది. అందుకే మెడ ముందు ఉసిరికాయంత గడ్డ లేస్తే, అరిచి అరిచి కండ పెరిగిందని తోటి లష్కర్లు మెచ్చుకున్నారు, నేనూ మీసం తిప్పుకుంటూ రెండేళ్లు తిరిగాను. అది జామకాయంత అయ్యాక మా ఆవిడ నన్ను సూర్యాపేట దవాఖానకు లాక్కుపోయింది, వాళ్లు హైదరాబాదుకు పంపారు.

అది థైరాయిడ్ క్యాన్సరనీ, మెడలోని పెద్ద సిరలోకి పాకిందనీ, వదిలేస్తే గుండె దాకా దిగొచ్చనీ, కోస్తే మాట పోయినా పోవచ్చనీ అక్కడి డాక్టరు చెప్పాడు. గొంతు లేని లష్కర్ ఎందుకు, ఇంటికి పోదాం పదమని నేను లేచాను. మా ఆవిడ కదల్లేదు.

"గొంతు పోతే సైగ జేస్తవ్. నువ్వే పోతే నేనెవర్ని తిట్టాలె?"

లేచినవాణ్ని మళ్లీ కుర్చీలో కూలబడ్డాను.

సిరను పైనా కిందా బిగించి, నెత్తురు ఆపి, మధ్యలో తెరిచి, లోపల పెరిగినదాన్ని తీసి కుట్టేస్తామన్నాడు డాక్టరు. కాలువలో గుర్రపుడెక్క తీసే పనే కదా అనుకుని, "పైతలుపు గట్టిగ దించుండ్రి సారూ, లేకుంటే ఊరు మునుగుతది" అని సలహా ఇచ్చాను. మత్తుమందు డాక్టరమ్మ నవ్వు ఆపుకోలేక అవతలికి పోయింది.

మెలకువ వచ్చాక మా ఆవిడను పిలిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు. మూడో రోజు బొంగురుగా "చాయ్" అన్నాను. ఆమె కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో ఇప్పటికీ చెప్పదు.

ఆ కేక మళ్లీ రాలేదు. ఇప్పటి లష్కర్లకు దాంతో పనీ లేదు, నీళ్ల కబురు ఫోన్లోనే పోతోంది. ఒక్కోసారి కాలువ గట్టున నిలబడితే దిగులేస్తుంది గానీ, ఇంటికొచ్చాక మరిచిపోతాను. అప్పట్లో నేను మాట్లాడితే చెవులు మూసుకునే మా ఆవిడ, ఇప్పుడు నా మాట వినడానికి పీట లాక్కుని దగ్గరికి జరుగుతోంది.