తోమిన పెనం

మా మేనత్త తన దోసెల పెనానికి నీళ్ళు తగలనిచ్చేది కాదు. పోత ఇనప పెనం అది. దోసెలయ్యాక గుడ్డతో తుడిచి, వంకాయ ముచ్చిక నూనెలో ముంచి రుద్ది, పసిపిల్లని పడుకోబెట్టినట్టు గూట్లో పెట్టేది. యుద్ధం రోజులు, బెజవాడంతా గాలించినా అలాంటిది మళ్ళీ దొరకదు. అయినా పక్కవాటా ప్లీడరుగారి భార్య "ఒక్క పూటకి, పిన్నిగారూ" అంటూ వస్తే మొహమాటానికి ఇచ్చేసి, అది తిరిగొచ్చేదాకా కాలుగాలిన పిల్లిలా తిరిగేది.

కొత్తగా కాపరానికొచ్చిన కోడలు ఓ రోజు అత్తగారి మెప్పు కోసం ఆ పెనాన్ని చింతపండూ ఇటికెపొడీ వేసి తోమేసింది. ఏళ్ళ తరబడి పట్టిన నూనె నునుపంతా పోయింది. అత్తయ్య నోరు తెరిచేలోపే గుమ్మంలో ప్లీడరుగారి భార్య!

అత్తయ్య ముఖం వెలిగిపోయింది. "దానికేం భాగ్యమమ్మా! మా కోడలు శుభ్రంగా తోమింది కూడాను. పట్టుకెళ్ళు."

కాసేపటికి గోడ అవతల అట్లకాడ గీకుడు మొదలైంది. ఇవతల అత్తయ్య పాటకచేరీ వింటున్నట్టు తల ఊపింది.

సాయంత్రం పెనం తిరిగొచ్చింది. "ఒక్క దోసె లేస్తే ఒట్టు, పిన్నిగారూ!"

"అయ్యో, పిండి సరిగ్గా పులియలేదేమోనమ్మా."

తర్వాత కోడలి చేతే రోజూ నూనె రాయించి, కాల్పించి, పెనాన్ని మళ్ళీ నల్లబరిచింది. అది దారికొచ్చిన రోజే దోసెల వాసనకి ప్లీడరుగారి భార్య మళ్ళీ వచ్చింది.

"అమ్మాయ్, పెనం కాస్త తోమి ఇవ్వు!" అత్తయ్య లోపలికి కేకేసింది.

"ఇటికెపొడి తీస్తున్నానత్తయ్యా!"

"ఎందుకులెండి, ఇవాళ్టికి ఉప్మా చేసుకుంటాం," అని ఆవిడ వెనుదిరిగింది.

అత్తయ్య పొయ్యి మీది మొదటి దోసె తీసి కోడలి కంచంలో వేసింది.