స్పానిష్ నేర్చిన సారు

కాటారం నుంచి భూపాలపల్లికి రోజూ మా బస్సుల వచ్చే ఒక సారు ఫోన్ల స్పానిష్ నేర్చుకునేటోడు. పోలీసు సీరియళ్ల పిచ్చితోని దొంగ, నిందితుడు, అనుమానితుడు అనే మాటలే ముందుగాల పట్టిండు. కొత్త మాట దొరికితే కండ్లద్దాలు పైకి తోసి, ముందు సీట్ల ఉన్న నాకు చెప్పేదాక ఆగకపోయేటోడు.

ఒకరోజు బస్సుల ఒకామె పర్సు పోయింది. కండక్టరు సీదా సారు పక్కన కూసున్న తండా అవ్వ దగ్గరికి పోయి, "మూట ఇప్పు" అన్నడు.

"నేను సీట్లకెల్లి లేవనే లేదు బిడ్డా. గీ సారును అడుగు" అన్నది అవ్వ.

సారు అద్దాలు పైకి తోసి నా దిక్కు వంగిండు. "అనుమానితురాలంటే సోస్పెచోసా" అన్నడు మెల్లగ.

కండక్టరు మూట ఇప్పి అవ్వ చీరెలు, జొన్నరొట్టెలు అందరి కాళ్లకాడ పరిచిండు. పర్సు ఆఖరికి పోగొట్టుకున్నామె కూరగాయల సంచిలనే దొరికింది. అవ్వ ఒక్కతే వంగి అన్నీ ఏరుకున్నది.

బస్సు దిగినంక సారు నాతోని గొప్పగ అన్నడు: "ఆమె లేవలేదని నాకు ముందే తెలుసు."

"సాక్షిని ఏమంటరు సారూ?" అని అడిగిన.

"తెస్తీగో" అన్నడు ఠక్కున, అద్దాలు పైకి తోసుకుంట.