సర్వసన్నద్ధం, ఒక్క దంతం తప్ప

ఇది వీరగాథ. శత్రువు, గడువు, రక్తం అన్నీ ఉన్నాయి. కాకపోతే శత్రువు నా కింది దవడలో ఉంది, రక్తం కాస్త దూదికి అంటింది. అంచేత వీరగాథ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను.

వారమంతా టెక్సస్‌లోని ప్లేనోలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, నెలకో వారాంతం అమెరికా ఆర్మీ రిజర్వ్ యూనిఫాం, అంటే పార్ట్‌టైం సైన్యం. మాది ప్రాంతీయ కమాండ్. యుద్ధం చేయడం మా పని కాదు. చుట్టుపక్కల రాష్ట్రాల దళాల్లో ఎవరిని ఎప్పుడు పిలిచినా విమానం ఎక్కించగలిగేలా ఉంచడం మా పని. దీన్నే సన్నద్ధత అంటారు. బయటివాళ్లు ట్యాంకులు ఊహించుకుంటారు. నిజానికి అదొక స్ప్రెడ్‌షీట్. టీకాలు, చెవులు, కళ్లు, పళ్లు సరిగ్గా ఉన్నవాడు ఆకుపచ్చ. లేనివాడు ఎరుపు. ఆ పట్టిక చూసుకునేది నేను. ఆర్నెల్లుగా అందరి పళ్ల వెంట పడ్డాను.

ఆ శనివారం మూడింటికి పట్టిక కల్నల్ ముందుకు వెళ్లాలి. ఎరుపువాళ్లకి జర్మనీలో జరిగే సైనిక విన్యాసాల్లో చోటు లేదు. ఆ జర్మనీ కోసం నేను రెండేళ్లుగా ఎదురుచూస్తున్నాను. పొద్దున్నే చూస్తే పట్టిక మొత్తానికి మిగిలిన ఎరుపు ఒక్కటే. నాది.

"డెంటిస్టు చూసి ఏడాది దాటింది," అంది మా సార్జెంట్.

"లేదు సార్జెంట్, పోయిన నెలే చూపించుకున్నాను."

"ఎక్కడ?"

"బర్త్‌డే పార్టీలో."

ఆవిడ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.

అబద్ధం కాదు. మా అమ్మ స్నేహితురాలు ఒక ఆంటీ డెంటిస్టు. ఏ ఫంక్షన్‌లో కనబడ్డా నన్ను బిర్యానీ ట్రేల పక్కన నిలబెట్టి, ఫోన్ లైట్ వేసి, "నోరు తెరువు" అంటుంది. అపాయింట్‌మెంట్ అక్కర్లేదు. కాగితమూ ఉండదు. సైన్యానికేమో కాగితం లేని పన్ను, లేని పన్నే.

రెండున్నరకల్లా రమ్మని సార్జెంట్ వదిలింది. ఆంటీ క్లినిక్ శనివారం ఒంటిగంటకి మూసేస్తారు. పది నిమిషాల ముందు చేరాను.

"ఏంట్రా, క్లినిక్‌కి వచ్చావ్? ఇంట్లో అంతా ఓకేనా?"

"ఓకే ఆంటీ. ఒకసారి చెక్ చేసి ఫారం సైన్ చేస్తే చాలు."

"దీనికింత దూరం డ్రైవ్ చేశావా? రేపు సీమంతంలో చూసేదాన్నిగా!"

"ఆర్మీ సీమంతాలు ఒప్పుకోదు ఆంటీ."

కుర్చీలో పడుకోబెట్టి అసలు లైటు వేసింది. చిన్న అద్దం పెట్టి ఒక్కో పన్నూ తట్టి చూసింది.

"పెద్ద క్యావిటీ ఉంది. ఇలా ఉంటే సైన్ చేయను."

"పోయిన నెల బాగుందన్నారుగా!"

"పోయిన నెల నీ నోట్లో గులాబ్‌జామ్ ఉందిరా. నాకేం కనిపిస్తుంది?"

"మూడింటికి జర్మనీ వెళ్లేవాళ్ల లిస్ట్ వెళ్లిపోతుంది ఆంటీ. ఇప్పుడే ఆ క్యావిటీ ఫిల్ చేసేయండి, ప్లీజ్."

గడియారం చూసింది. నన్ను చూసింది. చేతికి గ్లవ్స్ తొడుక్కుంది.

"జర్మనీ సంగతి అమ్మకి చెప్పావా?"

"మీరు సైన్ చేశాక చెప్తా."

"నేను చెప్తాలే. నోరు తెరువు."

రెండున్నరకి ఫారం సార్జెంట్ బల్ల మీద పెట్టాను. నా వరుస ఆకుపచ్చ అయింది. మూడింటికి కల్నల్ పట్టిక చూశాడు. అంతా పచ్చగా ఉండటంతో చదవడానికేమీ లేక నాలుగు సెకన్లలో పేజీ తిప్పేశాడు. జర్మనీ జాబితాలో నా పేరు నిలిచింది. ఆలోపు మా అమ్మ ఏడుసార్లు ఫోన్ చేసింది. అంటే ఆంటీ మాట నిలబెట్టుకుంది.

సార్జెంట్ స్వయంగా కాఫీ కలిపి ఇచ్చింది. తాగలేదు. పన్నుకిచ్చిన మత్తు దిగేదాకా, అంటే రెండు మూడు గంటలు, వేడివి తాగకూడదు.