రాలిపోయే ఎలక్ట్రాన్లు

ఈ రోజు సూర్యాపేటలో మా డిగ్రీ పిల్లలకు భూమి అయస్కాంతావరణం పాఠం చెప్పాను. అక్కడి ప్లాస్మా తరంగాలతో లయ కుదిరిన ఎలక్ట్రాన్లు కొన్ని వేగం అందుకుంటాయని, కొన్ని దారి తప్పి వాతావరణంలోకి రాలిపోతాయని బోర్డు మీద రాశాను.

ఆత్మకూరు నుంచి వచ్చే మమత ముందు బెంచీలోంచి లేచింది.

"వరి నాట్లల్ల గిట్లనే అయితది మేడం. పాటతోని కలిస్తె చెయ్యి ఉరుకుతది. ఇప్పుడు బీహారోళ్లు వచ్చి నాట్లేస్తున్నరు. వాళ్ల పాటకు మా అమ్మ చెయ్యి కలుస్తలేదు."

"మరి అమ్మ ఏం చేస్తోంది?"

"గట్టు మీద నిలబడి నారు కట్టలు అందిస్తది. ఇగ పాడుతలేదు."

బోర్డు మీద 'రాలిపోతాయి' అన్న మాట తుడిచేశాను. దాని చోట రాయడానికి ఇంకో మాట దొరకలేదు. మీకేమైనా తోస్తే చెప్పండి. రేపు మమత మళ్లీ ముందు బెంచీలోనే కూర్చుంటుంది.